డూపుకి తోడు

మా అపార్టుమెంటులో నాలుగో అంతస్తు వాళ్ళు వంటగది మార్పిస్తున్నారు. మొన్న లిఫ్టు తలుపు తెరుచుకోగానే అప్పుడే కోసిన చెక్కపొట్టు వాసన గుప్పున తగిలింది, నేను ఎక్కడం మరిచిపోయి అలాగే నిలబడిపోయాను. లోపలున్నావిడ "వస్తున్నారా అండీ?" అని అడిగి, నా వాలకం చూసి, బటన్ నొక్కుకుని వెళ్ళిపోయింది. రంపపు పొట్టు వాసనకి ఎవరికైనా వడ్రంగి గుర్తొస్తాడు, కొత్త ఇల్లు గుర్తొస్తుంది. నాకు మాత్రం ఒక ఎలుక గుర్తొస్తుంది. ఎలుక మీద వ్యాసమేమిటని మూతి తిప్పుకునేవాళ్ళు ఇక్కడితో ఆపేసి వేరే పేజీకి వెళ్ళిపోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు. హీరోల గురించి రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, దాని గురించి రాయడానికి నేనొక్కదాన్నే మిగిలాను.

తొంభైల మొదట్లో సినిమా మద్రాసు నుంచి మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు వచ్చేసినప్పుడు దాని వెంట మేమూ వచ్చేశాం. పెద్దవాళ్ళు కొండ మీద జూబిలీహిల్స్‌లో బంగళాలు కట్టుకున్నారు, వాళ్ళని నమ్ముకున్న మాలాంటి చిల్లరమల్లర జనం కింద ఫిల్మ్‌నగర్ వాలులో, సగం కట్టి వదిలేసిన గోడల మధ్య అద్దెకి దిగాం. నాన్న ఒక డాన్స్ మాస్టరు దగ్గర అసిస్టెంటు. పాటకి అడుగులు కూర్చేది మాస్టరు, వాటిని కాళ్ళకి పట్టేదాకా గ్రూపు డాన్సర్లకి నేర్పేది అసిస్టెంటు, తెర మీద పేరు పడేది మళ్ళీ మాస్టరుదే. మా ఇంటి ముందుగది రిహార్సల్ హాలు. దాని ఎర్ర గచ్చు మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాదాల దెబ్బలు పడుతూనే ఉండేవి, కిటికీలో పెట్టిన టేప్‌రికార్డరు అరిగిపోయిన గొంతుతో అదే పల్లవి పాడుతూనే ఉండేది, వంటింట్లో అమ్మ ఆ తాళానికే గోంగూర నూరుతూ ఉండేది.

ఇప్పుడక్కడ చూస్తే నమ్మరు గానీ అప్పట్లో ఇల్లు దాటితే అన్నీ బండలే. ఎండాకాలంలో పొద్దుగూకిన చాలాసేపటికి కూడా ఆ బండల మీద కూర్చుంటే లంగాలోంచి వేడి తగిలేది, నీళ్ళ ట్యాంకరు హారను వినబడితే చాలు వీధి వీధంతా బిందెలతో పరుగు తీసేది. తొలకరి పడగానే రాళ్ళ సందుల్లో మట్టి మీదికి ఎర్రటి ఆరుద్ర పురుగులు వచ్చేవి, వాటిని అగ్గిపెట్టెలో గడ్డిపోచలు వేసి దాచుకునేవాళ్ళం. వినాయక చవితికి అమ్మ ఉండ్రాళ్ళ పళ్ళెం దింపేసరికి హాల్లో డాన్సర్లు చెమటలు తుడుచుకుంటూ వరసగా కూర్చునేవారు. దసరా వెళ్ళాక బండల మధ్య సీతాఫలం కాయలు కళ్ళు తెరిచేవి, కోసుకొచ్చి బియ్యం డబ్బాలో మగ్గబెడితే ఇల్లంతా తియ్యటి వాసన. ఇంకా పైన ఎక్కడో బంగళాల కోసం రాళ్ళు పేల్చినప్పుడు మా కిటికీ అద్దాలు గలగలమనేవి.

మా ఇంట్లో నాన్న అక్కయ్య కూడా ఉండేది, సరోజత్తయ్య. మద్రాసులో ఉన్నన్నాళ్ళూ ఆవిడ గ్రూపు డాన్సరు. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి "తీరికేదీ?" అనేది. సాయంత్రం కాగానే గడప మీద కూర్చుని, కాళ్ళు బారజాపుకుని, మోకాళ్ళకి వేడి చేసిన ఆముదం పట్టించుకుంటూ, హాల్లో ఎవరు అడుగు తప్పుతున్నారో తిరిగి చూడకుండానే చెప్పేసేది.

ఇక డూపు సంగతి. సినిమాలో జంతువు ఎప్పుడూ ఒంటరిగా రాదు. తెల్ల గుర్రం కావాలంటే ఇంకో తెల్ల గుర్రం, బొచ్చుకుక్క కావాలంటే అదే పోలికతో ఇంకో బొచ్చుకుక్క కూడా వస్తుంది. ఒకటి మొండికేసినా షాటు ఆగకూడదు కదా. ఆ రెండోదాన్నే డూపు అంటారు. నాన్న పనిచేసిన ఒక పిల్లల పాటకి, బొమ్మల కోటలో తిరగడానికని, జంతువులు సరఫరా చేసే ఆయన మద్రాసు నుంచి రెండు విచిత్రమైన ఎలుకల్ని తెచ్చాడు. జెర్బిల్ అని వాటి పేరట, ఎడారి దేశపు జీవాలట. గోధుమరంగు ఒళ్ళు, మిరియపు గింజల్లాంటి కళ్ళు, తోక చివర చిన్న కుచ్చు, మనిషిలా నిలబడటానికి పనికొచ్చే పొడుగాటి వెనక కాళ్ళు. ఎలుకకి తమ్ముడు, ఉడుతకి వేలువిడిచిన చుట్టం అనిపించేలా ఉన్నాయి. రెండూ మగవే, ఒక తల్లి పిల్లలే. సెట్లో నేను చూసినప్పుడు ఒకే బోనులో ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి.

పాట అయిపోయాక ఆ సరఫరా ఆయన వాటిని మళ్ళీ రైల్లో మోసుకుపోవడానికి ఇష్టపడలేదు. తెర మీద కనబడినదాన్ని నిర్మాతగారి భార్య మనవల కోసమని జూబిలీహిల్స్ బంగళాకి తీసుకెళ్ళింది. డూపుని బిస్కెట్ల డబ్బాలో పెట్టి, మూతకి చిల్లులు పొడిచి, నాన్న నాకు తెచ్చిచ్చాడు. దానికి వేరే పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు, డూపు డూపుగానే ఉండిపోయింది. బోరబండ నుంచి వచ్చి సెట్లకి చెక్కపని చేసే నర్సింగ్ మామ, కోట సెట్టులో మిగిలిన పలకలతో దానికి ముందు జాలీ పెట్టిన పెట్టె చేసిచ్చాడు. "ఏంది సారూ, అందరు ఎలుకను బోన్ల పట్టి బయట ఇడుస్తరు, మీరు ఎలుకకు బంగ్లా కట్టిపిస్తుండ్రు?" అని ఒకటే నవ్వు. నవ్వుతూనే ఆ పెట్టెలో పరవడానికి సంచినిండా పొట్టు కూడా తెచ్చేవాడు.

ఎలుక అంటే కిచకిచ అని పుస్తకాల్లో రాసేస్తారు. ఆ కిచకిచ దాని భాషలో ఒక్క అక్షరం మాత్రమే అని నాకు నెల తిరక్కుండానే తెలిసింది. ఆకలేస్తే కోడిపిల్లలా సన్నగా కీచుమనేది. అట్టముక్క దొరికితే కరకరమని ఎంత ఇష్టంగా కొరికేదంటే, అమ్మ అప్పడాలు నములుతున్నానని నన్ను కేకలేసేది. చెవుల వెనక వేలితో నిమిరితే కళ్ళు సగం మూసుకుని లోపల్లోపల పళ్ళు రాసుకునేది. అది చెవికి వినబడేది కాదు, అరచేతికి సన్నటి వణుకులా తెలిసేది. అది దాని సంతోషం. ఇవి కాక ఇంకొకటుంది. వెనక కాళ్ళు రెండూ కలిపి పెట్టె అడుగు మీద డబడబమని కొట్టడం. గొడవంతా దానితోనే వచ్చింది.

డూపు పెట్టె హాల్లో టేప్‌రికార్డరు పక్కనే ఉండేది. నాన్న "ఫైవ్, సిక్స్, సెవెన్" అని లెక్క చెబుతూ ఎనిమిదో దానికి గట్టిగా చప్పట్లు కొట్టేవాడు, వెంటనే పెట్టెలోంచి డబడబ. మొదటిసారి విన్నప్పుడు నాన్న రిహార్సల్ ఆపేశాడు. మళ్ళీ లెక్క చెప్పి చప్పట్లు కొట్టాడు. మళ్ళీ డబడబ. ఇంక ఆయన ఆనందం చెప్పనలవి కాదు. అడుగు తాళం మీద పడితే డాన్సు, పడకపోతే కాదు, అన్నంతవరకే ఆయన శాస్త్రం. ఆ శాస్త్రంలో పుట్టి పెరిగినవాళ్ళే మా ఇంటికొచ్చేవాళ్ళందరూ. సాయంత్రాలు డాన్సర్లు, వాళ్ళ చుట్టాలు, ఎర్రగడ్డ నుంచి కూరలు తెచ్చే ఆవిడతో సహా పెట్టె చుట్టూ మూగి చప్పట్లు కొట్టేవారు. "మస్తు ఎగురుతుంది పాపా నీ ఎలుక!" అని నర్సింగ్ మామ కూడా కొట్టేవాడు. మనుషులైతే బాగా లేకపోయినా పొగుడుతారు, ఎలుకని పొగడటానికి ఎవరికి అవసరం అని నాన్న మురిసిపోయేవాడు.

నాకు మాత్రం ఆ మురిపెం నచ్చలేదు, ఎందుకంటే కొట్టిన తర్వాత డూపు ఏం చేస్తుందో వాళ్ళెవరూ చూడలేదు, నేను చూశాను. కొయ్యబారి నిలబడిపోయేది, ఆ పైన పెట్టెలో బోర్లించిన కొబ్బరిచిప్ప కిందికి దూరి, మనుషులు వెళ్ళిపోయేదాకా వచ్చేది కాదు. ఒకరోజు హాల్లో పాటా లేదు, మనుషులూ లేరు, బండల మీద తిరిగే గండుపిల్లి కిటికీలోకి తల పెట్టింది. డూపు అచ్చంగా అలాగే డబడబ కొట్టింది. పిల్లిని చూసి డాన్సు చేసే ఎలుక ఎక్కడైనా ఉంటుందా? ఆ మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు, చప్పట్లు లేకుండా అదే పాట అంతే గట్టిగా పెట్టి చూశాను. డూపు పొట్టులో పడుకుని చెవి కూడా కదపలేదు. దాని అడుగు నాన్న తాళంతో పాటు పడటం లేదు, తాళానికి ఉలిక్కిపడి ఆ తర్వాత పడుతోంది. చెబితే నాన్న, "నీకేం తెలుసే, నేను ఎంతమంది కాళ్ళు చూశాను!" అన్నాడు.

ఇంకో డబడబ ఉండేది, అది ఇంకా నెమ్మది. మధ్యాహ్నం హాలు ఖాళీ అయ్యాక డూపు పొట్టులోంచి లేచి, చిన్నగా రెండు దెబ్బలు కొట్టి, ముందు కాళ్ళు గుండెల దగ్గర పెట్టుకుని, చెవులు రిక్కించి వింటూ నిలబడేది. మళ్ళీ రెండు దెబ్బలు, మళ్ళీ వినడం. ఎవరికోసమో తెలుసుకోవడానికి నాకు పెద్ద తెలివితేటలేం అక్కర్లేకపోయింది. దానికి శాస్త్రజ్ఞులు ఏ పేరు పెడతారో నాకు తెలియదు. ఆ మధ్యాహ్నాలు దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నది వాళ్ళు కాదు, నేను. ఆ చలికాలానికి అది గింజలు తినడం తగ్గించేసింది, జాలీ కొరికి కొరికి ముక్కు మీద బొచ్చు ఊడిపోయింది, నేను చెవి వెనక నిమిరినా అరచేతికి ఆ వణుకు తగలడం మానేసింది. రెండోదాన్ని తెచ్చి దీనితో కలపమని ఇంట్లో అందరి వెంటా పడ్డాను. "దానికి మనం లేమా?" అన్నాడు నాన్న. "ఒకటి చాలదన్నట్టు!" అంది అమ్మ. పైగా బంగళా వాళ్ళని అడగడమా, రేపు మళ్ళీ పని ఇచ్చేది వాళ్ళే కదా అని ఇద్దరూ నోరు నొక్కేశారు.

అలాంటి సమయంలో ఆ నిర్మాతగారే నాన్నకి కబురు పెట్టారు. ఇంకో పిల్లల సినిమా తీస్తున్నారట, మాస్టరు వేరే ఊళ్ళో ఉన్నారట, ఎలుక డాన్సు చేస్తుందని విన్నాం, తెచ్చి చూపిస్తే ఆ పాట నువ్వే చేద్దువు గాని అన్నారట. అంటే తెర మీద నాన్న పేరు పడుతుంది. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది, నాన్న తెల్ల చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. డూపు నా చేతుల్లో తప్ప కుదురుగా ఉండదు కాబట్టి నన్ను, ఆ బంగళావిడ పాత సినిమాల రోజుల నుంచి ఎరిగిన మనిషని అత్తయ్యని, వెంటబెట్టుకుని ఆటోలో కొండెక్కాడు. దారంతా పెట్టె నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాన్నకి పేరు రాకూడదని నాకేం లేదు. కానీ ఆ పేరు ఈ ప్రాణి భయం మీద రావడమే నాకు గిట్టలేదు.

బంగళాలో నున్నటి నాపరాళ్ళ వరండా, అందులో ఇత్తడి పంజరం, పంజరం మూలలో ముడుచుకుని పడుకున్న రెండో జెర్బిల్. లోపలి హాల్లో నాన్న పాట పెట్టాడు, లెక్క చెప్పాడు, చప్పట్లు కొట్టాడు. డూపు కొట్టింది. "భలే! మా హీరో కన్నా నీ ఎలుకే నయమయ్యా, టేకులు తినట్లేదు," అని నిర్మాతగారు సోఫాలోంచి లేచి కూర్చున్నారు. అంతలో వరండాలోంచి కూడా డబడబ వినబడింది. "ఇదేంటండీ, మనది కూడా చేస్తోంది! ఇన్నాళ్ళూ ఉలుకూ పలుకూ లేకుండా పడుంది," అంది ఆయన భార్య. డూపు పెట్టెలో నిలబడి వరండా వైపు తిరిగి చెవులు నిక్కించింది. ఇంక నా వల్ల కాలేదు.

"అది డాన్సు కాదండీ, భయం. నాన్న చప్పట్లు కొట్టకుండా పాట పెట్టి చూడండి," అన్నాను.

"నోర్ముయ్యి," అన్నాడు నాన్న పళ్ళ మధ్య నుంచి. కానీ నిర్మాతగారికి వేడుకగా అనిపించినట్టుంది, సరే పెట్టమన్నారు. పాట మొదటి నుంచి చివరిదాకా మోగింది. డూపు ఒక్క దెబ్బ కొట్టలేదు, వరండా వైపే చూస్తూ నిలబడింది. నిర్మాతగారు ఒకసారి నవ్వి, వాచీ చూసుకున్నారు. నాన్న ముఖం ఎలా అయిపోయిందో చూశాను. చూసి కూడా ఆగలేదు. నిర్మాతగారి భార్య దగ్గరికెళ్ళి, "మీ దాన్ని మాకివ్వండి, లేకపోతే మా దాన్ని మీరే ఉంచేసుకోండి. ఏదైనా సరే, రెండూ ఒకచోట ఉండాలి," అన్నాను. ఆ రెండో మాట అంటున్నప్పుడు ఏడుపొచ్చింది, అయినా అన్నాను.

"ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం, దానికి ఒంటరితనమేంటమ్మాయ్?" అంది ఆవిడ.

జవాబు అత్తయ్య చెప్పింది. "నేను మద్రాసు వెళ్ళిన కొత్తలో చుట్టూ ఎప్పుడూ మనుషులే కదండీ. గ్రూపులో అందరూ అరవమ్మాయిలు. పొద్దస్తమానం పక్కపక్కనే నిలబడి నవ్వేవాళ్ళం, నాతో నా మాట మాట్లాడే మనిషి లేదు. జ్వరంతో కూడా ఆ నవ్వు నవ్వాను, అందరూ సరోజ ఎంత హుషారో అన్నారు. ఈ పిల్ల చెప్పేది నాకు తెలుసండి." అంతవరకూ అత్తయ్య ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, నాన్నకి కూడా. నిర్మాతగారి భార్య తనే లేచి వరండాలోకెళ్ళి, పంజరాన్ని కొక్కెం నుంచి తీసి నా చేతికిచ్చింది. "తీసుకుపో. ఎలాగూ మా పిల్లలు దాని మొహం చూడటం మానేశారు," అంది.

పాట నాన్నకి రాలేదు. తిరిగి వస్తుంటే ఆయన ఆటో ఎక్కకుండా వాలు వెంట నడిచి వెళ్ళిపోయాడు, చాలా రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మ మాట్లాడింది, ఆ మాటలు ఇక్కడ రాయను. ఇంతా చేసి రెండిటినీ ఎదురెదురు పెడితే బొచ్చు నిక్కించుకుని ఒకదాని మీదికి ఒకటి దూకబోయాయి. విడిగా ఉండి ఉండి ఒకదాని వాసన ఒకటి మరిచిపోయినట్టున్నాయి. "గ్రూపులోకి కొత్తమ్మాయి వస్తే ముందు పక్కన నిలబెడతాం, వెంటనే చెయ్యి పట్టించం," అంది అత్తయ్య. నర్సింగ్ మామ పెట్టె మధ్యలో ఇంకో జాలీ బిగించాడు. రోజూ దీని పొట్టు దానికి, దాని పొట్టు దీనికి మార్చేవాళ్ళం. కొన్నాళ్ళకి జాలీకి అటొకటి ఇటొకటి వీపులు ఆనించి పడుకోవడం మొదలుపెట్టాయి. జాలీ తీసేసిన రోజు విడదీయడానికి చెయ్యి సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాను. కాసేపు వాసన చూసుకున్నాయి, డూపు తల వంచి రెండోదాని గడ్డం కింద పెట్టింది, అది దాని చెవులు నాకడం మొదలుపెట్టింది. అప్పుడు ఒక సన్నటి కువకువ వినబడింది, అంతకు ముందెప్పుడూ ఆ పెట్టెలోంచి రాని చప్పుడు. గడప మీద కూర్చున్న అత్తయ్య ఆముదం చేతులతోనే లేచి వచ్చి వింది. కొన్నాళ్ళకి ముక్కు మీద బొచ్చు మొలిచాక ఏది తెర మీద కనబడిన హీరోనో ఏది డూపో ఎవరమూ పోల్చలేకపోయేవాళ్ళం.

రెండో ఏడో మూడో ఏడో ఎండాకాలంలో ఒకటి చచ్చిపోయింది. అది హీరో అని నా నమ్మకం. ఆ రోజు హాల్లో రిహార్సల్ జరుగుతోంది. నాన్న పెట్టె వైపు చూసి టేపు ఆపేశాడు, డాన్సర్లని ఇంటికి పొమ్మన్నాడు, గచ్చు మీద కూర్చుని పెట్టెలో చెయ్యి పెట్టాడు. అంతవరకూ ఆయన ఒక్కసారి కూడా దాన్ని ముట్టుకోలేదు. డూపు ఆ అరచేతిలోకెక్కి కూర్చుంది, చీకటి పడేదాకా ఆయన చెయ్యి తీయలేదు. వానలు పూర్తికాకముందే అది కూడా పోయింది.

ఇప్పుడా హాలున్నచోట కాఫీ షాపుంది, గాజు తలుపుల వెనక ఒక్కో బల్ల దగ్గర ఒక్కో మనిషి ఫోను చూసుకుంటూ కూర్చుంటాడు. బండలు పేల్చేశారు, సీతాఫలం పొదలు లేవు, ఆరుద్ర పురుగుని మా పిల్లలు బొమ్మల్లో చూశారు. సరోజత్తయ్య లేదు. నాన్నకి రాని ఆ పాట మాత్రం మా బంధువుల్లో ఇంకా బతికే ఉంది. ఎక్కడ నలుగురు చేరినా ఎవరో ఒకరు ఎత్తుతారు, ఎలుక కోసం కన్నతండ్రి పొట్ట కొట్టిన పిల్ల అని. మొన్న పిన్ని కూతురి పెళ్ళిలో కూడా ఒక బాబాయి నలుగురిలో అడిగాడు, ఆ రోజు నోరు మూసుకుని ఉండాల్సిందని ఇప్పుడైనా అనిపించదా అని. అనిపించదు అన్నాను. మళ్ళీ ఆ హాల్లో నిలబెట్టినా ఆ మాటే అంటాను, ఈసారి ఇంకాస్త గట్టిగా అంటాను.

పక్క కుర్చీలో జిలేబీ తింటున్న నాన్న వేళ్ళు తుడుచుకుంటూ అందుకున్నాడు. "అది ముమ్మాటికీ డాన్సేరా. ఇదే పాడుచేసింది. ఆ రెండోది వచ్చాక నేనెన్ని చప్పట్లు కొట్టినా అది మళ్ళీ ఒక్క స్టెప్పు వేయలేదు," అని బాబాయితో అని నా వైపు తిరిగాడు. " నువ్వెప్పుడైనా గమనించావా?"

"గమనించాను నాన్నా," అన్నాను. "నేను అంత గొడవ చేసింది అందుకే కదా."